ఇంగ్లిష్ వాక్య భేదాల బోధన: పల్నాటి ఉన్నత పాఠశాలలు

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఇంగ్లిష్ వ్యాకరణంలో ఏటా తిరిగి వచ్చే పాఠం వాక్య భేదాలు. వాక్యం ఏం పని చేస్తోంది, ఎన్ని క్రియలతో కట్టారు, అందులో మాటలు ఏ వరసలో కూర్చున్నాయి అన్న మూడు ప్రశ్నలకు మూడు రకాల జవాబులు ఈ ఒక్క పాఠంలో కలిసిపోయి ఉంటాయి. పల్నాడులో ఈ పాఠం నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు సుగాలి తండాల పిల్లలు లంబాడీ మాట్లాడతారు. నరసరావుపేట, వినుకొండ, మాచర్ల పట్టణాల్లో ఉర్దూ ఇళ్లు తక్కువేమీ కావు. ఈ మూడు భాషల్లోనూ క్రియ వాక్యం చివర ఉంటుంది. బడిలో రెండో భాషగా నేర్చుకునే హిందీలోనూ అంతే. పిల్లవాడికి తెలిసిన భాషలన్నీ ఒక దారిన పోతుంటే ఇంగ్లిష్ ఒక్కటే ఎదురు వస్తుంది.

నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి రెవెన్యూ డివిజన్లు. గురజాల, మాచర్ల, కారంపూడి పేర్లు పల్నాటి యుద్ధంతో తెలుగువాళ్లందరికీ తెలిసినవే. సున్నపురాయి, మిరప, పత్తి ఇక్కడి బతుకుతెరువు. ఈ వ్యాసంలో కొన్ని ఉదాహరణలు మిరప చేల నుంచి, తిరునాళ్ల నుంచి రావడానికి కారణం అదే.

నేపథ్యం

ఈ ప్రాంతానికి ఇంగ్లిష్ చదువు మొదట మిషన్ బడులతో వచ్చింది. అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయర్ 1842లో గుంటూరు చేరాడు. తర్వాతి కాలంలో గురజాలలో ఉండి పల్నాడులో పనిచేశాడు. గుంటూరులో 1885లో మొదలైన లూథరన్ కళాశాల ఇప్పటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల. నరసరావుపేటలో ఎస్‌.ఎస్‌.ఎన్. కళాశాల 1950లో వచ్చింది.

వ్యాకరణ బోధన మాత్రం చాలాకాలం ఒకే పుస్తకం చుట్టూ తిరిగింది. రెన్, మార్టిన్ ఇద్దరూ కలిసి 1930లలో రాసిన ఉన్నత పాఠశాల వ్యాకరణం మొదట ఇండియాలో ఉన్న బ్రిటిష్ అధికారుల పిల్లల కోసం తయారైంది. ఆ పిల్లలకు ఇంగ్లిష్ ఇంటి భాష. వాక్యం వాళ్ల నోట్లో అప్పటికే ఉంది, దానికి పేరు పెట్టడమే పుస్తకం చేసిన పని. మన పిల్లలకు వాక్యం ఇంకా రాకముందే పేరు వచ్చేసింది. సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ అనే మాటలు తెలిసి, మూడింటిలో ఒక్కటీ సొంతంగా రాయలేని విద్యార్థి అట్లా తయారయ్యాడు.

1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. 1972లో దానికి విదేశీ భాషలు తోడై సీఫెల్ అయింది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయంగా ఇఫ్లూ అయింది. నిర్మాణ పద్ధతి అని పేరుపడిన బోధన, అంటే వాక్యాల అచ్చులను ఒకదాని తర్వాత ఒకటి వరసగా నోటితో వల్లె వేయించడం, ఇటువంటి సంస్థల శిక్షణల ద్వారానే దక్షిణాది బడులకు పాకింది. దానిమీద పెద్ద ప్రశ్న కూడా దక్షిణాది నుంచే వచ్చింది. బెంగళూరులోని ప్రాంతీయ ఇంగ్లిష్ సంస్థ ఆధారంగా ఎన్‌.ఎస్‌. ప్రభు 1979 నుంచి 1984 దాకా కొన్ని మామూలు బడుల్లో వ్యాకరణ పాఠం ఊసెత్తకుండా, పిల్లలకు పటాలు, టైంటేబుళ్లు, లెక్కల్లాంటి పనులు ఇచ్చి ఇంగ్లిష్ నేర్పించి చూశాడు. బుద్ధి అర్థం మీద ఉన్నప్పుడే భాష నిర్మాణం లోపల కుదురుతుందని ఆయన వాదం. ఆ వాదం పాఠ్యపుస్తకాల ముందుమాటల్లోకి వచ్చింది. గదిలో మాత్రం నల్లబల్ల మీద కర్త, క్రియ, కర్మలకు గుర్తుగా ఎస్, వి, ఓ అక్షరాలు అట్లాగే ఉన్నాయి.

మాధ్యమం మార్పు ఇటీవలి కథ. 2008లో సక్సెస్ పథకం కింద రాష్ట్రంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం సెక్షన్లు తెరిచారు. 2019 నవంబరులో ప్రాథమిక తరగతులు మొదలుకొని ఇంగ్లిష్ మాధ్యమాన్నే తప్పనిసరి చేస్తూ వచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర హైకోర్టు కొట్టివేసింది. అయినా గాలి ఇంగ్లిష్ వైపే వీచింది. 2020–21 నుంచి ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఈ జంట పేజీల పుస్తకాలను లెక్కలకు, సైన్సుకు, సోషలుకు సాయంగా వేశారు. వాక్య పాఠానికి ఇంతకంటే మంచి సరుకు ఇంకోటి లేదని ఇంగ్లిష్ మాస్టార్లలో ఎక్కువమందికి తట్టినట్టు లేదు. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

మూడు లెక్కలు

పనిని బట్టి నాలుగు: చెప్పే వాక్యం, అడిగే వాక్యం, చేయమనే వాక్యం, ఆశ్చర్యపోయే వాక్యం. కట్టుబడిని బట్టి మూడు: సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్. నాలుగోదిగా రెండింటి కలయిక ఒకటి కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది. మాటల వరసను బట్టి చేసే లెక్కలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. సి.టి. ఆనియన్స్ 1904లో ఐదు అచ్చులు చాలన్నాడు. ఎ.ఎస్‌. హార్న్‌బీ 1954లో ఇరవై ఐదు చెప్పాడు. క్విర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ నలుగురూ కలిసి రాసిన 1985 నాటి మహా వ్యాకరణం ఏడు దగ్గర ఆగింది. బడికి ఐదు చాలు. ఏడు చెప్పినా ఇబ్బంది లేదు. ఇరవై ఐదు మాత్రం మాస్టారి దగ్గర ఉండాలి, పిల్లల నోట్సులో అక్కర్లేదు.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఈ మూడు లెక్కలూ ఒకే పీరియడ్‌లో, ఒకే శీర్షిక కింద వచ్చేస్తాయి. "క్లోజ్ ద డోర్" అన్నది ఏ రకం అని అడిగితే ఒకడు సింపుల్ అంటాడు, ఒకడు ఇంపెరేటివ్ అంటాడు. ఇద్దరూ ఒప్పే. ఒకే మనిషిని ఊరి పేరుతోనూ ఇంటి పేరుతోనూ పిలిచినట్టు. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఇద్దరిలో ఒకడు తనది తప్పనుకుని కూర్చుంటాడు.

క్రియ లేని వాక్యం, కు ఉన్న కర్త

"మా నాన్న డ్రైవరు." ఇది నిండైన తెలుగు వాక్యం. ఇందులో క్రియ లేదు, ఉండాల్సిన పనీ లేదు. చేకూరి రామారావు 1975లో వెలువరించిన ‘తెలుగు వాక్యం’ ఇటువంటివాటిని క్రియారహిత వాక్యాలుగా గుర్తించి వివరించింది. ఇదే పిల్లవాడు ఇంగ్లిష్‌లో "మై ఫాదర్ డ్రైవర్" అని రాస్తాడు. దాన్ని అజాగ్రత్త అనుకుని ఎర్రసిరాతో "ఈజ్" చేర్చి వదిలేస్తారు. వాడు ఏమీ మర్చిపోలేదు. వాడి భాషలో ఉన్నంతా తెచ్చాడు, లేనిది తేలేదు. "తెలుగులో ఇక్కడ ఖాళీ ఉంటుంది, ఇంగ్లిష్ ఆ ఖాళీని ఒప్పుకోదు" అని ఒక్కసారి చెప్పి పది వాక్యాలు అనిపిస్తే ఆ ఎర్రసిరా సగం మిగులుతుంది.

రెండో సంగతి "నాకు". నాకు ఆకలేస్తోంది, నాకు ఇద్దరు అన్నలున్నారు, నాకు ఈత వచ్చు, నాకు భయం, నాకు ఆ పాట ఇష్టం. తెలుగులో ఇన్నిచోట్ల "కు" పెట్టుకుని కూర్చున్న మనిషి ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి నేరుగా కర్త స్థానంలోకి ఎక్కుతాడు. "ఐ యామ్ హంగ్రీ", "ఐ హ్యావ్ టూ ఎల్డర్ బ్రదర్స్", "ఐ కెన్ స్విమ్". కలిగి ఉండడానికి తెలుగులో వేరే క్రియ లేదు, ఉండడంతోనే నడిపిస్తాం. అందుకే "హ్యావ్" మన పిల్లలకు ఎప్పటికీ అద్దె ఇల్లు లాగానే ఉంటుంది. దీనికి తిరగేసిన చిక్కు "వాన పడుతోంది." మనకు వానే కర్త. ఇంగ్లిష్‌లో ఎవరూ లేని చోట కూడా "ఇట్" అని ఒకణ్ని నిలబెట్టాలి. అదెవరు సార్ అని అడిగే పిల్లవాడు మంచి విద్యార్థి. ఎవరూ కాదు, ఇంగ్లిష్ వాక్యానికి ముందు కుర్చీ ఖాళీగా ఉంటే తోచదు అన్నదే దానికి జవాబు.

ఇక వరస. "పిల్లి కుక్కను తరిమింది", "కుక్కను పిల్లి తరిమింది": రెండింటిలోనూ తరిమింది పిల్లే. ఎవరు ఎవర్నన్నది "ను" చెబుతుంది కాబట్టి మాటలు అటూ ఇటూ జరిగినా ఫర్వాలేదు. ఇంగ్లిష్‌లో "ను" లేదు. జాగానే విభక్తి. మాటలు చోటు మార్చుకుంటే తరిమేది కుక్క అయిపోతుంది. ఎస్, వి, ఓ అని అక్షరాలు రాసేముందు ఈ ఒక్క మాట చెబితే ఆ మూడక్షరాలకు ప్రాణం వస్తుంది. "మాస్టారు మాకు పుస్తకాలు ఇచ్చారు" అన్నప్పుడు "కు" చేసే పనిని కూడా ఇంగ్లిష్‌లో చోటే చేస్తుంది. "ఊళ్లోవాళ్లు ఆయన్ని ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు" అన్నదాంట్లో "గా" కూడా అంతే, "దే ఎలెక్టెడ్ హిమ్ ప్రెసిడెంట్" అనడంతో మాయమవుతుంది.

అడిగే వాక్యం

తెలుగులో ప్రశ్న తేలిక. చివరి అచ్చును "ఆ"గా సాగదీస్తే చాలు: వచ్చాడు, వచ్చాడా. ఏ మాట మీద అనుమానమో ఆ మాటనే సాగదీయొచ్చు. "రేపా నువ్వు నరసరావుపేట పోయేది?" "నువ్వా రేపు పోయేది?" ఇంత సుఖానికి అలవాటు పడ్డ నోటికి ఇంగ్లిష్ ప్రశ్న పెద్ద సంసారంలా అనిపించడంలో వింత లేదు. "యూ కేమ్ యస్టర్‌డే?" అని గొంతు పైకెత్తి ఊరుకుంటాడు. మాటల్లో అది చెల్లుతుంది కూడా. రాతలో చెల్లదు.

ఇక్కడ కార్డుల పద్ధతి బాగా పనిచేస్తుంది. నలుగురు పిల్లల చేతికి తలా ఒక అట్టముక్క ఇచ్చి వరసగా నిలబెడతారు: "హి", "ఈజ్", "గోయింగ్", "హోమ్". ప్రశ్న చేయమంటే "ఈజ్" పట్టుకున్నవాడు వరసలోంచి బయటికొచ్చి ముందు నిలబడతాడు. అంతే. తర్వాత "హి", "కేమ్", "హోమ్" ముగ్గుర్ని నిలబెడితే ముందుకు రావడానికి ఎవరూ ఉండరు. అప్పుడు బయట నుంచి "డిడ్" అనే పిల్ల వస్తుంది. ఆ పిల్ల రాగానే "కేమ్" పట్టుకున్నవాడు తన అట్టను వెనక్కి తిప్పాలి. వెనక "కమ్" అని రాసి ఉంటుంది. మన పిల్లలు చేసే పేరుమోసిన తప్పు "డిడ్ యు కేమ్" ఇక్కడే పుడుతుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం తెలియని పిల్లలు పల్నాడులో ఉండరు. భూతకాలానికి వాక్యంలో ఒకటే సీటు, "డిడ్" తువ్వాలు వేసేసింది, ఇక "కేమ్" లేచి నిలబడి "కమ్"గా ప్రయాణం చేయాల్సిందే. ఈ పోలిక చెప్పిన రోజు క్లాసు నవ్వుతుంది. నవ్విన క్లాసులో ఆ తప్పు కొంత తగ్గుతుంది.

"ఏం", "ఎక్కడ", "ఎప్పుడు" ప్రశ్నలకు ఇంకో మెలిక. తెలుగులో అవి జవాబు వచ్చే చోటే కూర్చుంటాయి: "నువ్వు యాడికి పోతున్నావు?" "నేను మాచర్ల పోతున్నాను." ఇంగ్లిష్‌లో అవి తల దగ్గరికి రావాలి, వెనకాల క్రియ కూడా తిరగబడాలి. రెండు పనుల్లో మొదటిది చేసి రెండోది వదిలేస్తారు, "వేర్ యు ఆర్ గోయింగ్" అవుతుంది. కష్టపడి అది సరిదిద్దాక కొత్త తప్పు మొదలవుతుంది: "టెల్ మీ వేర్ ఆర్ యు గోయింగ్." ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకి వెళ్తే మళ్లీ మామూలు వరసకే రావాలని అప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు. ఒక తప్పును గట్టిగా దిద్దితే దాని పక్కనే ఇంకో తప్పు మొలవడం భాష నేర్పే పనిలో మామూలు. అది నేర్చుకుంటున్నాడనడానికి గుర్తు కూడా.

చివర "కదా" సంగతి. మనకు ఒక్క "కదా" అందరికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో కర్త మారితే, కాలం మారితే, కాదంటే, ఔనంటే ఆ తోక మారుతుంది. మన వాళ్లు "ఇజింట్ ఇట్" అనే ఒక్క తోకతో బతికేస్తారు. అందరికీ ఒకే కదాను ఇంగ్లిష్‌లోకి దింపుకోవడమే అది. పరీక్షలో దానికి మార్కులు పోతాయి, బజారులో పనవుతుంది.

చేయమనే వాక్యం

రా, రండి, రావాలి, రాగలరు, దయచేయండి. తెలుగులో మర్యాద క్రియకే అంటుకుని ఉంటుంది. "ఎన్నింటికి వస్తావురా" అని నేస్తాన్ని అడిగినవాడు మాస్టారి దగ్గరికి రాగానే "వస్తారండీ" అంటాడు. ఎవరూ నేర్పకుండానే ఆ తేడా పలుకుతుంది. ఇంగ్లిష్ క్రియకు ఆ సౌకర్యం లేదు. "కమ్" అంటే రా, రండి రెండూను. అందువల్ల మర్యాద వాక్యం రకంలోకి జారుకుంటుంది: ఆజ్ఞను ప్రశ్న వేషం వేసి పంపుతారు. "కుడ్ యు ప్లీజ్ గివ్ మీ యువర్ పెన్" రూపంలో ప్రశ్న, పనిలో అభ్యర్థన. పదో తరగతి పరీక్షలో "దీన్ని మర్యాదైన అభ్యర్థనగా మార్చండి" అనే ప్రశ్న తరచూ వస్తుంది. చాలామంది ముందు "ప్లీజ్" తగిలించి చేతులు దులుపుకుంటారు. "వుడ్ యు మైండ్" రకం ఇంకా గమ్మత్తు. ఇవ్వడానికి ఒప్పుకునేవాడు "నో" అనాలి. "మీకేమైనా అభ్యంతరమా" అని తెలుగులో అడిగి చూపిస్తే "లేదండీ" అనే జవాబు పిల్లల నోట్లోంచే వస్తుంది. ఇంకేం చెప్పక్కర్లేదు.

ఆశ్చర్యం

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు చూడని పిల్లలు ఈ చుట్టుపక్కల తక్కువ. తాడిచెట్టు ఎత్తు దాటిన ప్రభ కరెంటు దీపాలతో కదిలి వస్తుంటే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఎంత ఎత్తు?" అని ఒకడు, "ఎంత ఎత్తో!" అని ఇంకొకడు. మాట ఒకటే, చివర అచ్చు మారింది. ఇంగ్లిష్‌లోనూ రెండింటికీ ఒకే మాట "హౌ". తేడా వరసలో ఉంది. "హౌ టాల్ ఈజ్ ద ప్రభ" అంటే అడగడం. "హౌ టాల్ ద ప్రభ ఈజ్" అంటే నోరు తెరవడం. ప్రశ్న వరస తిప్పింది, ఆశ్చర్యం తిప్పలేదు. ఈ ఒక్క జంట చాలు. మిగతా "వాట్ ఎ" రకాలను పుస్తకంలో చదువుకోవచ్చు. ఆశ్చర్యార్థకం మీద బడిలో పెట్టే వేళ దాని వాడకానికి మించింది. నిజానికి ఆశ్చర్యపోయినవాడెవడూ పూర్తి వాక్యం మాట్లాడడు.

ఒకే పేరు, వేరే మనుషులు

అసలు చిక్కు కట్టుబడి దగ్గర ఉంది. దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు పిల్లలది కాదు.

పదో తరగతి విద్యార్థి తెలుగు పీరియడ్‌లో సామాన్య, సంశ్లిష్ట, సంయుక్త వాక్యాలు నేర్చుకుంటాడు. ఇంగ్లిష్ పీరియడ్‌లో సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ నేర్చుకుంటాడు. మూడుకు మూడు సరిపోయాయి కదా అని గైడ్లలోనూ, కొన్నిచోట్ల మాస్టార్ల నోటా ఒక సమీకరణం వినిపిస్తుంది: సంశ్లిష్టం అంటే కాంప్లెక్స్, సంయుక్తం అంటే కాంపౌండ్. ఇది సగమే నిజం.

తెలుగు పుస్తకం సంయుక్త వాక్యానికి ఇచ్చే మామూలు ఉదాహరణ ఇట్లా ఉంటుంది: రాము పదో తరగతి చదువుతున్నాడు, గోపి పదో తరగతి చదువుతున్నాడు. కలిపితే "రాము, గోపి పదో తరగతి చదువుతున్నారు." తెలుగు మాస్టారు దీనికి సంయుక్తం అని రెండు మార్కులు వేస్తారు. దీన్నే "రాము అండ్ గోపి ఆర్ స్టడీయింగ్ ఇన్ ద టెన్త్ క్లాస్" అని రాసి కాంపౌండ్ అంటే ఇంగ్లిష్ మాస్టారు సున్నా వేస్తారు. ఇంగ్లిష్ లెక్కలో కర్తలు ఇద్దరున్నా క్రియ ఒక్కటే కాబట్టి అది సింపుల్.

రెండోది ఇంకా లోతైనది. మిరపకోతల కాలంలో ఏ ఊళ్లోనైనా వినిపించే వాక్యం తీసుకుందాం: "కూలీలు పొద్దున్నే వచ్చి, కాయలు కోసి, కల్లంలో పోసి, సాయంత్రం డబ్బులు తీసుకుని వెళ్లారు." వచ్చి, కోసి, పోసి, తీసుకుని అన్నవి అసమాపక క్రియలు. వెళ్లారు ఒక్కటే సమాపకం. క్త్వార్థకాలతో కట్టిన చక్కటి సంశ్లిష్ట వాక్యమని తెలుగు మాస్టారు మెచ్చుకుంటారు. ఇంగ్లిష్‌లో ఇదే సంగతి చెప్పాలంటే ప్రతి క్రియా నిండు క్రియగా లేచి నిలబడి, చివర "అండ్" తగిలించుకోవాలి: "ద వర్కర్స్ కేమ్ ఎర్లీ, పిక్డ్ ద చిల్లీస్, పోర్డ్ దెమ్ ఆన్ ద డ్రయింగ్ ఫ్లోర్, టుక్ దెయిర్ వేజెస్ అండ్ వెంట్ హోమ్." రెన్, మార్టిన్ సంప్రదాయంలో ఇది కాంపౌండ్. కర్త ఒక్కరే కనుక సింపుల్ అనే వ్యాకర్తలూ ఉన్నారు. కాంప్లెక్స్ అని మాత్రం ఎవరూ అనరు. అంటే తెలుగులో సంశ్లిష్టమైనది ఇంగ్లిష్‌లో కాంప్లెక్స్ కాకుండా పోయింది.

తెలుగు గొలుసు కడుతుంది, ఇంగ్లిష్ జంట కడుతుంది. ఈ తేడా తెలియనివాడు "వర్కర్స్ కమింగ్ ఎర్లీ, పికింగ్ చిల్లీస్, మనీ టేకింగ్, వెంట్" అని రాస్తాడు. ఆ "ఇంగు"లన్నీ "చి", "సి", "ని"లకు తెచ్చిన బదులు సరుకు. ఒక్కో "ఇంగు" దగ్గరా ఇక్కడ తెలుగులో ఏముంది అని అడిగితే వాడే చెబుతాడు.

ఇంగ్లిష్ కాంప్లెక్స్‌కు నిజంగా దగ్గరివాళ్లు తెలుగులో వేరే ఉన్నారు. "వస్తే", "వచ్చినా", "వచ్చేటప్పుడు", "వచ్చినందువల్ల", "వచ్చిన." తెలుగు పాఠంలో చేదర్థకం, అప్యర్థకం, హేత్వర్థకం అన్న పేర్లతో వచ్చేవి వీటిలో కొన్ని. వీటికి ఇంగ్లిష్‌లో "ఇఫ్", "దో", "వెన్", "బికాజ్", "విచ్" అనే విడి మాటలు కావాలి, వాటి వెనక నిండు క్రియ కావాలి. తెలుగులో ఈ అర్థం క్రియ తోకలో ఉంటుంది, ఇంగ్లిష్‌లో తలలో ఉంటుంది. "వాన పడినా బడి పెట్టారు" అంటే సరిపోతుంది గానీ మాటల్లో మనం "వాన పడినా గానీ బడి పెట్టారు" అంటాం. "దో ఇట్ రెయిన్డ్, బట్" అని రెండు ముళ్లు వేసే పిల్లవాడు ఆ "గానీ"ని మోసుకొచ్చాడేమో చూడాలి. ఒకటి తీసెయ్, ఏదైనా సరే అని చెబితే చాలు.

"వచ్చిన" మాట ప్రత్యేకం. "నిన్న మాచర్ల నుంచి వచ్చిన బస్సు" అన్నప్పుడు క్రియ విశేషణమై బస్సుకు ముందు నిలబడింది. ఇంగ్లిష్‌లో బస్సు ముందు వెళ్తుంది, కథంతా "విచ్" వెనక వస్తుంది. ఇక్కడే జంట పేజీల సైన్సు పుస్తకం ఉపయోగపడాలి. కుడి పేజీలో "ఆహారాన్ని తయారు చేసుకునే మొక్కలు" ఉంటే ఎడమ పేజీలో "ప్లాంట్స్ దట్ మేక్ దెయిర్ ఓన్ ఫుడ్" ఉంటుంది. ఇటువంటి పది జంటలు ఏరుకురమ్మని ఇంటిపని ఇస్తే పిల్లలు తెస్తారు. అప్పటికే సైన్సు పీరియడ్‌లో అర్థమైన సంగతులే కాబట్టి వాళ్ల దృష్టి నిర్మాణం మీద నిలుస్తుంది. ఒక అడుగు ముందుకేసి, తెలుగు మాస్టారు, ఇంగ్లిష్ మాస్టారు స్టాఫ్ రూమ్‌లో పదిహేను నిమిషాలు కూర్చుని రెండు పాఠాల ఉదాహరణలు ఒకరివొకరు చూసుకుంటే పైన చెప్పిన సున్నా మార్కుల తగాదా వచ్చేది కాదు. యడ్లపాడు మండలం బోయపాలెంలో ఉన్న డైట్ వంటి ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లోనైనా రెండు భాషల వ్యాకరణాన్ని ఒకే బల్ల మీద పెట్టడం అవసరం.

రాయబారం

వాక్యం ఏ రకమో తెలిస్తే ఏం ఒరుగుతుందని అడిగే పిల్లలకు చూపించాల్సిన చోటు పరోక్ష కథనం. ఒకరి మాటను ఇంకొకరికి చేరవేయడం.

కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల తిరునాళ్లు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. రెండో రోజు రాయబారం. పల్నాటి యుద్ధ కథలో మాచర్ల వాళ్ల అరణ్యవాసం గడువు తీరాక వాళ్ల వైపు నుంచి అలరాజు గురజాలకు రాయబారిగా వెళ్లిన ఘట్టం అది. రాయబారి పని పరోక్ష కథనమే. అతను మోసుకెళ్లిన మాట ఇట్లా ఉండి ఉంటుందనుకుందాం: "మా రాజ్యం మాకు ఇవ్వండి." చేరవేసేటప్పుడు తెలుగులో "తమ రాజ్యం తమకు ఇమ్మని అడిగాడు" అవుతుంది. "ఇవ్వండి" బదులు "ఇమ్ము" వచ్చి, "అని"తో కలిసి "ఇమ్మని" అయింది. రమ్మని, పొమ్మని, చెయ్యమని అన్నవన్నీ ఇటువంటివే. ఆజ్ఞకు తెలుగు ప్రత్యేకంగా ఉంచుకున్న ముడి ఇది. ఇంగ్లిష్‌లో ఆ ముడి పేరు "టు": "హి ఆస్క్డ్ దెమ్ టు గివ్ బ్యాక్." మాట చెప్పే వాక్యమైతే "దట్" వస్తుంది, ఔనా కాదా అనే ప్రశ్న అయితే "ఇఫ్" వస్తుంది, "ఎక్కడ, ఎప్పుడు" అయితే ఆ మాటే ఉండి వరస మాత్రం సరళమవుతుంది. లోపలి వాక్యం రకం తెలియనివాడికి ముడి ఏది వేయాలో తెలియదు. తెలుగులో "అని" అన్నిటికీ చాలుతుంది గనక మనకు ఈ రకాలతో అంత అవసరం పడలేదు.

ఒక కొసరు. "హి ఆస్క్డ్ దెమ్ టు గివ్ బ్యాక్ దెయిర్ కింగ్‌డమ్" అన్నప్పుడు రాజ్యం ఎవరిది? అడిగినవాళ్లదా, ఇవ్వాల్సినవాళ్లదా? ఇంగ్లిష్ తేల్చదు. తెలుగులో "తమ" తేల్చేస్తుంది. పల్నాటి యుద్ధమంతా ఈ ప్రశ్న మీదే జరిగిందని గుర్తుచేస్తే సర్వనామాల పాఠానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ వెతకనక్కర్లేదు.

పరీక్ష

2022 నుంచి పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఇంగ్లిష్‌కు వంద మార్కుల ఒకే ప్రశ్నపత్రం. వాక్య భేదాలు అందులో నేరుగా కంటే చాటుగా ఎక్కువ వస్తాయి: రెండు వాక్యాలు కలపండి, పరోక్షంగా మార్చండి, అభ్యర్థనగా మార్చండి, ఈ వాక్యం ఏం పని చేస్తోందో గుర్తించండి. పేర్లు కంఠతా పట్టినవాడికి వీటిలో పెద్దగా లాభం లేదు. అయినా జనవరి వచ్చేసరికి టెస్ట్ పేపర్లు, బిట్లు, సూత్రాలు రాజ్యమేలతాయి. "సో దట్" తీసి "టూ టు" పెట్టు అనే లెక్కల పాఠం నడుస్తుంది. జనవరి నుంచే కోతలూ ముమ్మరమవుతాయి. చేలున్న ఇళ్లలోనూ, కూలికెళ్లే ఇళ్లలోనూ పిల్లలు కొన్నాళ్లు బడికి రారు. ఏడాదిలో ఎక్కువ వ్యాకరణం చెప్పే నెలలు, తక్కువమంది పిల్లలు కూర్చునే నెలలు ఒకటే కావడం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

తిరిగొచ్చిన పిల్లలు సెలవు చీటీ తెస్తారు. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్" అని ఒక్క అక్షరం పొల్లుపోకుండా అందరూ రాస్తారు. కాంప్లెక్స్ వాక్యానికి ఉదాహరణ చెప్పమంటే నీళ్లు నమిలే పిల్లవాడి జేబులో మడత పెట్టి ఉన్నది అచ్చమైన కాంప్లెక్స్ వాక్యమే. "యాజ్" దగ్గర మొదలై కామా దగ్గర ఆగే కారణం ఒక ముక్క, మిగిలింది ఇంకో ముక్క. ఆ చీటీలనే నల్లబల్ల మీద రాసి, రెండో ముక్కను అట్లాగే ఉంచి, మొదటి ముక్కలో జ్వరం తీసేసి నిజం కారణం పెట్టమని అడిగే మాస్టార్లకు ఆ గంట బాగా గడుస్తుంది. "యాజ్ వి వర్ పికింగ్ చిల్లీస్", "యాజ్ మై మదర్ వెంట్ టు ద ఫీల్డ్", "యాజ్ దేర్ వాజ్ నో వన్ టు వాచ్ ద డ్రయింగ్ ఫ్లోర్." మూడో వాక్యం రాసిన పిల్ల కల్లానికి ఇంగ్లిష్‌లో ఏమంటారో అడగడానికి రెండుసార్లు లేచి నిలబడి ఉంటుంది.